లిఫ్ట్ కిట్ వేస్తే పికప్ కింద ఏమేం మారతాయి?

క్లుప్తంగా: సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే విడిభాగాల సెట్టు) ఛాసిస్‌ను పైకి లేపుతుంది గానీ వెనక యాక్సిల్‌ను మిల్లీమీటరు కూడా లేపదు. 40 నుంచి 50 మి.మీ. వరకు లేపితే మారిన కోణాలను, కొలతలను చాలావరకు సరిచేసుకోవచ్చు. అది దాటితే పెరిగే ప్రతి అంగుళానికీ మరో విడిభాగం మార్చాల్సి వస్తుంది. ఎత్తు కోసం వేసే కిట్ వేరు, బరువు మోయడానికి, చక్రం బాగా ఆడడానికి వేసే కిట్ వేరు. భారత్‌లో చట్టం ఇలాంటి మార్పులకు అనుకూలంగా లేదు, జవాబుదారీ యజమానిదే.

పికప్ అంటే మన దగ్గర చాలాకాలం కూరగాయల బస్తాలు, కోళ్ల గంపలు, సిమెంటు మోసే పసుపు ప్లేటు బండే. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను సొంత వాడకానికి కొనడం 2016 తర్వాతే కాస్త ఊపందుకుంది. ఆ ఏడాది ఇసుజు సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో కర్మాగారం తెరిచి, డి-మ్యాక్స్ వి-క్రాస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2022లో టయోటా హైలక్స్ వచ్చింది. మారేడుమిల్లి, లంబసింగి లాంటి ఏజెన్సీ దారుల్లో సొంత బండితో తిరిగేవాళ్లు పెరిగేకొద్దీ లిఫ్ట్ కిట్ మాట కూడా ఎక్కువగా వినిపిస్తోంది. ఆస్ట్రేలియా కంపెనీల పేరున్న పూర్తి కిట్టూ దొరుకుతుంది, లేత్ షాపులో తీయించిన ఇనుప స్పేసరూ (ఎత్తు కోసం మధ్యలో దూర్చే దిమ్మ) దొరుకుతుంది. రెండింటి ధరకూ పొంతనే ఉండదు. రెండూ బండిని రెండు అంగుళాలు లేపుతాయి. అలాంటప్పుడు అంత డబ్బు ఎందుకు పెట్టాలన్నది కొనేవాళ్లకు సహజంగా వచ్చే సందేహం.

లేచేది ఏది, లేవనిది ఏది

ఈ తరహా పికప్పుల కింద ముందు ఒక రకం, వెనక మరో రకం ఏర్పాటు ఉంటుంది. ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. ఒక్కో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, వాటి నడుమ కాయిల్ స్ప్రింగు, దాని లోపల షాకబ్జర్వర్ ఉంటాయి. వెనక మాత్రం రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి యాక్సిల్, దాని మీద కమాన్ కట్టలు. ఇంజన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెే డిఫరెన్షియల్. ముందు డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కి బిగిస్తారు. వెనక డిఫరెన్షియల్ యాక్సిల్ మధ్యలోనే ఉబ్బెత్తుగా ఉంటుంది.

కిట్ వేశాక ఛాసిస్, డీజిల్ ట్యాంకు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందుకూ వెనక్కూ శక్తిని పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్ పైకి పోతాయి. వెనక యాక్సిల్ చక్రాలతోనే ఉంటుంది కాబట్టి అది ఉన్నచోటే ఉంటుంది. బండి బాట మధ్యలో పొడుచుకొచ్చిన రాయి కిట్‌కి ముందు వెనక డిఫరెన్షియల్‌కి తగిలితే, కిట్ తర్వాత కూడా అక్కడే తగులుతుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే.

ప్రయోజనం అసలు లేదని కాదు. హైలక్స్ వీల్‌బేస్ మూడు మీటర్లు దాటుతుంది. ఇంత పొడుగు బండి కాలువ గట్టు ఎక్కి అటువైపు దిగేటప్పుడు ముందు చక్రాలు దాటేస్తాయి, నడుము గట్టు మీద ఆనుతుంది. ఛాసిస్ 50 మి.మీ. లేస్తే ఈ నడుము కోణం సుమారు మూడున్నర డిగ్రీలు మెరుగవుతుంది. వాగులోకి దిగేటప్పుడు ముందు బంపరు, ఎక్కేటప్పుడు వెనక బంపరు నేలకు రాసుకోవడం కూడా తగ్గుతుంది. పొడుగాటి పికప్‌లో లిఫ్ట్ నిజంగా ఉపయోగపడేది ఈ సందర్భాల్లోనే.

బాడీ లిఫ్ట్ అనేది వేరే పని. అందులో ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపుతారు. పెద్ద టైర్లకు చోటు దొరుకుతుందే తప్ప కింద ఉన్న ఏ భాగమూ నేలకు దూరం కాదు.

ముందు భాగంలో చిక్కులు

స్థానికంగా దొరికే స్పేసరును ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్వర్ కలిసిన భాగం) నెత్తిన, ఛాసిస్‌కి బిగించే చోట పెడతారు. పాతిక మిల్లీమీటర్ల స్పేసరుకే బండి దాదాపు 45 నుంచి 50 మి.మీ. లేస్తుంది. స్ట్రట్ అడుగు కింది ఆర్మ్ చివర కాకుండా నడిమికి దగ్గరగా బిగించి ఉండడమే దీనికి కారణం. తలుపును మధ్యలో పట్టుకుని జానెడు తోస్తే దాని అంచు రెండు జానలు కదిలినట్టే ఇదీ.

ఇక్కడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. చక్రం ఎంతవరకు పైకి పోవచ్చో, ఎంతవరకు కిందికి జారవచ్చో కంపెనీ షాకబ్జర్వర్ పొడవుతోనే హద్దు గీస్తుంది. స్పేసరు ఆ హద్దును మొత్తంగా కిందికి జరుపుతుంది. చక్రం గుంతలోకి పూర్తిగా జారినప్పుడు పై ఆర్మ్ వచ్చి స్ప్రింగుకి తగలవచ్చు, ఆర్మ్‌నూ చక్రాన్నీ కలిపే కీలు లాంటి బాల్ జాయింట్ తన కోణం చివరికి వెళ్లిపోతుంది. చక్రం పైకి కొట్టుకున్నప్పుడు రబ్బరు దిమ్మ ఆపకముందే షాకబ్జర్వర్ లోపలి పిస్టన్ అడుగు తాకే ప్రమాదం ఉంది. రోడ్డు మీద మామూలుగా నడిచినన్నాళ్లు ఇవేవీ బయటపడవు. వేగంగా వెళ్తూ పెద్ద గతుకులో పడ్డప్పుడే తెలుస్తాయి.

గట్టి స్ప్రింగు మాత్రమే వేసి, పాత షాకబ్జర్వరునే ఉంచితే ఇంకో రకం నష్టం. చక్రం ఆడే మొత్తం దూరం మారదు. బండి ఎంత ఎత్తులో నిలబడితే, కిందికి జారే దూరం అంత తగ్గుతుంది. గతుకుల దారిలో చక్రం గుంత అడుగుకు అందకుండా గాల్లో తేలుతుంది, తేలిన చక్రం బండిని లాగలేదు. ఆఫ్‌రోడ్ కోసం వేసిన లిఫ్ట్ ఆఫ్‌రోడ్‌లోనే పట్టు తగ్గించడం చాలామంది ఊహించని ఫలితం. పూర్తి కిట్‌లో పొడవాటి షాకబ్జర్వర్లు ఉండేది ఇందుకే. స్పేసరుకీ దానికీ ధరలో ఉన్న తేడాకు ప్రధాన కారణం కూడా ఇదే.

తర్వాత యాక్సిల్ షాఫ్టుల సంగతి. ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌తో పాటు పైకి పోయింది, చక్రాల హబ్ కిందే ఉంది. రెండింటినీ కలిపే షాఫ్ట్ ఏటవాలు పెరుగుతుంది. షాఫ్ట్ చివర, వంగి ఉన్నా తిరుగుతూ శక్తిని అందించే సీవీ జాయింట్‌ను కప్పి ఉంచే మడతల రబ్బరు బూటు ఒకవైపు నలిగి, మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. కొన్నాళ్లకు రబ్బరు చిట్లి, లోపలి గ్రీజు చక్రం లోపలి వైపు నల్లగా చిందుతుంది. అప్పుడే బూటు మారిస్తే చిన్న పని. వదిలేస్తే దుమ్ము చేరి, మలుపుల్లో టకటకమని శబ్దం మొదలై, జాయింట్ మొత్తం మార్చే దాకా వస్తుంది. కొన్ని కిట్లలో ముందు డిఫరెన్షియల్‌ను కాస్త దించే స్పేసర్లు ఇస్తారు. వాటితో షాఫ్ట్ కోణం తగ్గుతుంది, ముందు డిఫరెన్షియల్ దగ్గర సంపాదించిన ఎత్తులో కొంత పోతుంది.

మూడోది స్టీరింగ్. బండి లేచినప్పుడు ఆర్మ్‌లు కిందికి వంగి, చక్రం నిలబడే కోణాలన్నీ కదులుతాయి. టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన కోణం) అలైన్‌మెంట్ సెంటరులో చాలావరకు సరిచేయవచ్చు. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) మాత్రం తేలిగ్గా లొంగదు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుగా వచ్చేది, హైవే మీద బండి గీత గీసినట్టు పోయేది ఈ కోణం వల్లే. రెండు అంగుళాల లిఫ్ట్‌కి ఇది అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తగ్గవచ్చు. కింది ఆర్మ్ దగ్గరుండే సర్దుబాటు బోల్టులు చివరి దాకా తిప్పినా సరిపోకపోతే, పై ఆర్మ్‌నే మార్చాలి. కిట్ వేశాక బండి హైవే మీద అటూ ఇటూ ఊగుతోందనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే. షాకబ్జర్వర్లను తప్పుపట్టే ముందు అలైన్‌మెంట్ రిపోర్టులో క్యాస్టర్ గడి చూడడం మంచిది.

వెనక భాగం, బ్రేకులు

వెనక లేపడానికి నాలుగు దారులు వాడుకలో ఉన్నాయి. కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ మధ్య దిమ్మ పెట్టడం అన్నింటికన్నా చవక. కానీ బండి గట్టిగా లాగేటప్పుడు యాక్సిల్ మెలితిరిగే బలం, దిమ్మ ఎత్తు కొద్దీ కట్ట మీద ఎక్కువగా పడుతుంది. పొడవాటి షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే లింకు) వేస్తే, పెంచిన పొడవులో సగమే ఎత్తుగా వస్తుంది, పైగా యాక్సిల్ కోణం తిరుగుతుంది. ఉన్న కట్టలో ఒక పట్టీ అదనంగా చేరిస్తే ఎత్తుతో పాటు బిరుసు కూడా పెరుగుతుంది. నాలుగోది కట్ట మొత్తం మార్చడం. ఖర్చు ఎక్కువైనా బరువుకు తగ్గ కట్టను ఎంచుకునే వీలు దీనిలోనే ఉంది.

వెనక లేచినప్పుడు, వెనక యాక్సిల్‌కి శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు కూడా మారుతుంది. పొడుగు పికప్పుల్లో ఈ షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి, నడుమ ఒక బేరింగ్ మీద ఆనుతుంది. వంపు పెరిగితే బండి కదిలేటప్పుడు, తక్కువ వేగంలో కింద వణుకు పుడుతుంది. మధ్య బేరింగ్‌ను పలుచటి బిళ్లలతో కొద్దిగా దించి దీన్ని సరిచేస్తారు.

ఎక్కువమంది పట్టించుకోని భాగం బ్రేకులు. కొన్ని పికప్పుల్లో వెనక బ్రేకుకు వెళ్లే ఒత్తిడిని బరువును బట్టి నియంత్రించే వాల్వు ఉంటుంది. ఛాసిస్ మీదున్న ఈ వాల్వుకూ వెనక యాక్సిల్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ. బరువు పడి ఛాసిస్ కిందికి దిగితే కడ్డీ కదిలి, వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి అందుతుంది. లిఫ్ట్ వేశాక ఛాసిస్ ఎప్పుడూ యాక్సిల్‌కి దూరంగానే ఉంటుంది. వాల్వు దృష్టిలో బండి ఎప్పుడూ ఖాళీయే. నిండా సరుకు వేసినా వెనక బ్రేకు ఖాళీ బండి లెక్కనే పట్టుకుంటుంది, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. కడ్డీ బ్రాకెట్‌ను కొత్త ఎత్తుకు తగ్గట్టు జరపడం చిన్న పనే. అది మరిచిపోతే బండి ఆగే దూరం పెరుగుతుంది. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా జారినప్పుడు తెగేంత బిగుసుకుంటున్నాయేమో కూడా అప్పుడే చూడాలి.

షెడ్డులో పని ఎలా జరగాలి

మంచి మెకానిక్ ముందుగా నాలుగు మూలలా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకుంటాడు. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల లెక్కను తప్పిస్తాయి. పని అయ్యాక అవే కొలతలతో ఎంత లేచిందో, ఒక పక్కకు ఒరిగిందో తేలుతుంది. బండిని జాకీ మీదే వదలకుండా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. కాయిల్ స్ప్రింగును స్ట్రట్ నుంచి విప్పే పని ఇంటి దగ్గర చేయదగ్గది కాదు. నొక్కి పట్టిన స్ప్రింగు జారితే ప్రాణాలు తీసేంత బలంతో విసురుకుంటుంది. దానికి సరైన కంప్రెసర్, అలవాటున్న చెయ్యి రెండూ కావాలి.

అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు బుష్‌ల దగ్గర. ఆర్మ్‌ల చివర్లలో, కమాన్ కట్టల కళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు చాలావాటిలో లోపలి గొట్టం, బయటి గొట్టం మధ్య రబ్బరు అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి పట్టేసి, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరు మెలితిరుగుతుంది. బండి గాల్లో ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టులు బిగించేస్తే, రబ్బరుకు ఆ వేలాడే స్థితే తటస్థ స్థానం అవుతుంది. బండి నేల మీదికి దిగిన క్షణం నుంచీ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. బండి కొన్నాళ్లు బిరుసుగా నడుస్తుంది, తర్వాత బుష్‌లు త్వరగా చిరుగుతాయి. బోల్టులను వేలితో వదులుగా తిప్పి వదిలి, బండిని చక్రాల మీద నిలబెట్టి, ఒకటి రెండు సార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించడం సరైన పద్ధతి. పని కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే షెడ్డులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కమాన్ కట్టలను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు బిగించినప్పుడు సాగుతాయి. పాతవి మళ్లీ వాడకూడదు. కొత్తవాటిని కూడా ఐదు వందల కిలోమీటర్లలోపు మరోసారి బిగించాలి, ఎందుకంటే కట్ట పట్టీలు సర్దుకుని పట్టు వదులవుతుంది. అదే సమయానికి కొత్త స్ప్రింగులూ కొద్దిగా కూర్చుంటాయి కాబట్టి రెండోసారి అలైన్‌మెంట్ చేయించాలి. హెడ్‌లైట్లను దించి సరిచేయకపోతే ఎదురొచ్చే బండ్ల కళ్లలో పడతాయి.

టైర్ల లెక్క

లిఫ్ట్ వేసినవారిలో చాలామంది ఆ వెంటనే పెద్ద టైర్ల వైపు చూస్తారు. హైలక్స్‌కి వచ్చే సైజుల్లో ఒకటైన 265/65 ఆర్17 టైరు వ్యాసం సుమారు 776 మి.మీ. దాని బదులు 285/70 ఆర్17 వేస్తే వ్యాసం సుమారు 831 మి.మీ. అవుతుంది. పెరిగిన 55 మి.మీ.లో సగం, అంటే దాదాపు 27 మి.మీ. మాత్రమే యాక్సిల్ కింద ఖాళీగా మారుతుంది. వెనక డిఫరెన్షియల్‌కి దక్కే మేలు అంతే.

దానికి చెల్లించే మూల్యం: స్పీడోమీటరు 100 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 107 దగ్గర ఉంటుంది. గేర్లన్నీ 7 శాతం పొడవైనట్టు లెక్క, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మీద ఆ భారం తెలుస్తుంది. బండిని ఆపడానికి బ్రేకులు కూడా అంతమేర ఎక్కువ బలం చూపాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్ లైనరుకో, మడ్‌ఫ్లాప్‌కో రాసుకోవడం మామూలే. మైలేజీ తగ్గుతుంది.

మలుపులో బండి తీరు

బండి పక్కకు బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక తేలికైన కొలత వాడుతుంది. రెండు పక్క చక్రాల మధ్య వెడల్పును, బరువు కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. వచ్చే అంకె ఎంత తక్కువైతే బోల్తా ముప్పు అంత ఎక్కువ. ఉదాహరణకు వెడల్పు 1540 మి.మీ., బరువు కేంద్రం ఎత్తు 700 మి.మీ. అనుకుంటే 1.10 వస్తుంది. 50 మి.మీ. లిఫ్ట్‌తో యాక్సిల్, చక్రాలు లేవవు కాబట్టి మొత్తం బరువు కేంద్రం 40 మి.మీ. పెరిగిందనుకుంటే అది 1.04కి దిగుతుంది. పై లెక్కలోని పెద్ద టైర్లు కూడా కలిస్తే 1.0 దగ్గరికి వస్తుంది. దాని మీద టాప్ క్యారియరు, టెంటు, నీళ్ల క్యాన్లు ఎక్కిస్తే ఇంకా తగ్గుతుంది.

ఈ అంకెలు బండిని మలుపులో వెంటనే పడేసేవి కావు. హైవే మీద గేదె అడ్డొచ్చి ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడు మిగిలి ఉండే భద్రతను కొలుస్తాయి. నాలుగు, ఆరు అంగుళాల లిఫ్ట్‌లను మామూలు రోడ్ల మీద తిప్పడం సమర్థించడం కష్టమయ్యేది ఈ లెక్క వల్లే.

బరువును బట్టి ఎంపిక

ఆస్ట్రేలియాలో ఈ కిట్ల పరిశ్రమ పెరిగింది అందం కోసం కాదు. మెల్‌బోర్న్‌లో 1975లో మొదలైన ఏఆర్‌బీ లాంటి సంస్థలు లోతట్టు ప్రాంతాల్లో తిరిగే బండ్ల అవసరం చూసి ఎదిగాయి. ముందు ఉక్కు బంపరు, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), వెనక క్యానపీ (ట్రే మీది కప్పు), అదనపు డీజిల్, నెలకు సరిపడా సామాను ఎక్కించాక కంపెనీ స్ప్రింగులు కూలబడతాయి. ఆ బరువును తిరిగి నిలబెట్టే స్ప్రింగులే అక్కడి కిట్లకు మూలం. అందుకే వాళ్ల పట్టికల్లో ఎంత ఎత్తు కావాలన్న దానితో పాటు ఎప్పుడూ బండి మీద ఉండే బరువు ఎంత అన్న ప్రశ్న కూడా ఉంటుంది. మూడు వందల కిలోల నిత్యభారానికి తయారైన కట్టను ఖాళీగా తిరిగే బండికి వేస్తే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద వెనక చక్రాలు తేలిగ్గా జారతాయి.

తెలుగు రాష్ట్రాల పరిస్థితుల్లో ఆలోచిస్తే, వానాకాలం నల్లరేగడి చేలల్లో బండి కూరుకుపోవడానికి ఎత్తు చాలకపోవడం అసలు కారణం కాదు. బంక మట్టి టైరు గాళ్లలో నిండి పట్టు పోతుంది. అక్కడ మడ్ టైర్లు, తగ్గించిన గాలి, వెనక డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) ఈ మూడూ చేసే పనిని లిఫ్ట్ చేయలేదు. రాళ్ల ఏజెన్సీ బాటలు, లోతైన బండి చాళ్లు, ఎత్తు గట్లు దాటేవారికి 40 నుంచి 50 మి.మీ. లిఫ్ట్, దానికి తగ్గ పొడవు షాకబ్జర్వర్లు, బరువుకు తగ్గ కట్టలు పనికొస్తాయి. ఎక్కువగా తారు రోడ్డు మీదే తిరిగే బండికి అదే డబ్బుతో మంచి టైర్లు, కింద రక్షణ పలకలు వేయించడం మేలు.

చట్టం ఏమంటోంది

ఆస్ట్రేలియాలో తేలికపాటి వాహనాల మార్పులకు వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళి ఉంది. చిన్న లిఫ్ట్‌కి రాష్ట్రాలు తమ పరిమితుల మేరకు వెసులుబాటు ఇస్తాయి. పరిమితి దాటితే గుర్తింపు పొందిన ఇంజనీరు పరిశీలించి ధ్రువపత్రం ఇవ్వాలి. అమెరికాలో బంపరు ఎత్తు, ఛాసిస్ ఎత్తు మీద రాష్ట్రానికో నిబంధన. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో పికప్ కొన్న తెలుగువారు ఒక రాష్ట్రంలో చెల్లిన లిఫ్ట్ పక్క రాష్ట్రంలో చెల్లుతుందని అనుకోవడానికి లేదు.

భారత్‌లో దారి ఇరుకు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ముందుగా నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. రిజిస్ట్రేషన్ పత్రంలో గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) రాయరు కదా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. తయారీదారు పరీక్ష చేయించి ఆమోదం పొందిన నమూనాకు భిన్నంగా బండి ఉండకూడదన్నదే తీర్పు సారం కాబట్టి ఆ వాదన మీద ఆధారపడడం సాహసమే. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు బండి కింద చూసినప్పుడు, ముందుగా చెప్పని మార్పు క్లెయిమ్‌కు అడ్డంకి కావచ్చు. వారంటీలో ఉన్న బండికి సీవీ జాయింట్, ప్రొపెల్లర్ షాఫ్ట్ లాంటి భాగాలు పాడైతే కంపెనీ చేతులెత్తేయడానికి కిట్టే కారణం చూపిస్తుంది.

సీఎన్‌జీ కిట్ల విషయంలో పరిస్థితి ఇలా లేదు. పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్, గుర్తింపు ఉన్న ఫిట్టర్, తర్వాత రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు అంటూ అక్కడ ఒక స్పష్టమైన క్రమం ఉంది. రెండు అంగుళాల లోపు సస్పెన్షన్ కిట్లకూ అలాంటి ఏర్పాటు చేస్తే షాకబ్జర్వర్ పొడవు, బ్రేకు వాల్వు సర్దుబాటు, అలైన్‌మెంట్ రిపోర్టు అన్నీ పరీక్షకు నిలబడాల్సి వస్తుంది, లేత్ షాపు స్పేసర్లు తమంతట తామే పక్కకు పోతాయి. అది లేనంతవరకు మంచి కిట్టుకూ నాసిరకం స్పేసరుకూ చట్టం ముందు తేడా ఏమీ ఉండదు.